సర్ బార్నబీ గారి హాజరు

మా ఏటిగడ్డ పురపాలక సంఘంలో పద్నాలుగో వార్డు కౌన్సిలరు మట్టా సత్యవేణి గారు ఎనిమిది నెలలపాటు సభలో తన కుర్చీలో కూర్చుని మరీ గైర్హాజరయ్యారు. నమ్మకపోతే మినిట్స్ పుస్తకం తెప్పించుకుని చూసుకోండి. ఆ గైర్హాజరు రాసింది నేనే, నా చేత్తోనే.

నా పేరు దూసి అనంతం. ఆ సంఘంలో ముప్పై ఒక్క ఏళ్ళు మీటింగ్ క్లర్కుగా చేశాను. మీటింగ్ క్లర్కు అంటే సభలో అందరికంటే కింద బల్ల దగ్గర కూర్చుని, అందరూ అన్నదీ విని, అందులో రాయదగ్గది మాత్రం రాసేవాడు. నాకు ఆ పని అప్పజెప్పిన పెద్దాయన మొదటిరోజే ఒక మాట చెప్పారు. జరగనిది రాయకు, జరిగింది రాయడం మానకు, మిగతాదంతా నీకెందుకు అన్నారు. ఆ మాట పట్టుకుని అంతకాలం ఉద్యోగం చేశాను. ఆ పుస్తకంలో అబద్ధమంటూ రాస్తే ఒక్కటే రాశాను, దాని సంగతి చివర చెబుతాను.

సత్యవేణి గారి కథ చెప్పాలంటే ముందు ఇంగ్లండు పార్లమెంటు సభ్యులు సర్ బార్నబీ టిండేల్ గారి కథ చెప్పాలి. ఆయనకీ మా పద్నాలుగో వార్డు మురుగు కాలవకీ ఏమిటయ్యా సంబంధం అని అడక్కండి. ఆ సంబంధం కలిపిన పుణ్యాత్ముడు మా చైర్మన్ గంధం వీరభద్రం గారు.

ప్రభుత్వం వారు ఒక ఏడాది పాతికమంది మునిసిపల్ చైర్మన్లను ఏరి, ప్రజాస్వామ్యం ఎలా నడుస్తుందో చూసి రమ్మని తొమ్మిది రోజులు లండన్ పంపారు. మన దగ్గర నడుస్తోందా లేదా అన్న అనుమానం పైవాళ్ళకి అప్పటికే వచ్చి ఉంటుంది. వీళ్ళు పార్లమెంటు భవనం చూసే రోజున అక్కడ వర్షం. తీసుకెళ్ళాల్సిన బస్సు రాలేదు. టీ తాగే గదిలో కూర్చోబెట్టారు. ఊరికే కూర్చోబెడితే మర్యాదగా ఉండదని, పనిలేకుండా ఉన్న సభ్యుణ్ణి ఒకాయన్ని వెతికి తీసుకొచ్చారు. ఆయనే సర్ బార్నబీ.

నలభై నాలుగేళ్ళుగా ఆయన ఒకే నియోజకవర్గం నుంచి, నార్త్ విథర్బీ అనే గొర్రెల ఊళ్ళ నుంచి, గెలుస్తూ వస్తున్నారు. తండ్రిది బొత్తాల ఫ్యాక్టరీ. కొడుక్కి బొత్తాల మీద మనసు నిలవక ఇరవై తొమ్మిదో ఏట ఎన్నికల్లో నిలబడి, రెండువందల పన్నెండు ఓట్లతో గట్టెక్కారు. మొదటి ప్రసంగం గొర్రెల గజ్జి గురించి. రెండో ప్రసంగం కూడా దాని గురించే, మొదటిసారి ఎవరూ వినలేదని. మంత్రి పదవి ఏనాడూ రాలేదు, ఆయనా ఎవరినీ అడగలేదు. సభలో వెనక వరస, తలుపు పక్క చోటు ఆయనది. అక్కడి పద్ధతేమిటంటే, సభ మొదలయ్యే ముందు ప్రార్థనకు వచ్చి బెంచీ మీద పేరు రాసిన చీటీ పెట్టుకుంటే ఆ రోజంతా ఆ చోటు మనదే. మనవాళ్ళు ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేస్తారే, అదే. కాకపోతే వాళ్ళు దేవుడికి దండం పెట్టుకుని వేస్తారు.

మా చైర్మన్ గారు రెండో టెర్మ్‌కే బీపీ మాత్రలు మొదలెట్టిన మనిషి. నలభై నాలుగేళ్ళు అనేసరికి ఆయన గుండె జారిపోయింది. ఇన్నేళ్ళు ఈ గోలలో ఎలా నెగ్గుకొచ్చారు స్వామీ, ఆ కిటుకేదో మాకూ చెప్పండి అని అడిగారట. సర్ బార్నబీ నవ్వి, అంతా నా జత చలవ అన్నారట.

అక్కడ జత అని ఒక ఆనవాయితీ ఉంది. అధికార పక్షం సభ్యుడొకడు, ప్రతిపక్షం సభ్యుడొకడు చెయ్యి కలుపుకుని, నువ్వు రాని రోజు నేనూ రాను అనుకుంటారు. రెండువైపులా ఒక్కో ఓటు తగ్గుతుంది కనక ఎవరికీ నష్టం లేదు. సర్ బార్నబీ జత జార్జ్ హాలం అని, బొగ్గు గనుల ఊరి మనిషి, ఎదుటి పార్టీ. ఇద్దరూ ఇరవై రెండేళ్ళు కలిసి సభ ఎగ్గొట్టి, కలిసి వాగు ఒడ్డున చేపలు పట్టుకున్నారట. వర్షం తగ్గి బస్సు రావడంతో ఆయన చెప్పడం అక్కడితో ఆగింది. మిగతా సగం అప్పుడు వినకపోబట్టే మాకీ తిప్పలు.

చైర్మన్ గారు ఊళ్ళో దిగిన మూడో రోజునే ప్రత్యేక సమావేశం పెట్టారు. బ్రిటిష్ ప్రజాస్వామ్యం గుట్టు పట్టుకొచ్చానని, ఇకమీదట ఏటిగడ్డలో కొట్లాటలుండవని అన్నారు. మా కమిషనర్ తాటిపర్తి దివాకరం గారికి ఆ జత పద్ధతి బాగానే నచ్చింది గానీ, అది ఎక్కడా రాసి లేదన్న ముక్క మింగుడు పడలేదు. రాయని పద్ధతి మీద నలభై నాలుగేళ్ళు ఒక మనిషి ఎలా బతికాడా అని రెండు రోజులు బాధపడి, తనే కూర్చుని నలభై రెండు నియమాలతో బార్నబీ నియమావళి రాసేశారు. అందులో పదకొండో నియమం ఆయనకి ప్రాణం. అది ఇలా ఉంటుంది: "జతలో ఒకరు ఏ కారణము చేతనైనను గైర్హాజరైన యెడల, రెండవ వారు సైతము గైర్హాజరైనట్లే భావించవలెను." ఏ కారణము చేతనైనను అన్న ముక్క రాశాక కలం మూసి, ఇంక దీన్నెవరూ కదపలేరు అనంతం గారూ అన్నారు నాతో. నిజమే, కదపలేకపోయాం.

సభలో మేము ముప్పై ఒక్కమంది. అధికార పక్షం పదహారు, ప్రతిపక్షం పదిహేను. చీట్లు తీసి పదిహేను జతలు కట్టగా చైర్మన్ గారొక్కరూ మిగిలారు. జత లేకుండా చైర్మన్ ఉంటే ఏం బాగుంటుందని, ఆయనకి సాక్షాత్తూ సర్ బార్నబీ గారినే జత కడుతూ ఏకగ్రీవంగా తీర్మానించాం. తీర్మానం నకలు లండన్‌కి రిజిస్టర్ పోస్టులో పంపాం. ముప్పై రోజుల్లో అభ్యంతరం రాలేదు కనుక సమ్మతించినట్లేనని కమిషనర్ గారు ఫైలు మీద రాశారు.

మొదటి మూడు నెలలూ, నిజం చెప్పొద్దూ, హాయిగానే గడిచింది. పెళ్ళిళ్ళ రోజులు. ఒకాయన బంధువుల పెళ్ళికి పోతే, ఆ పెళ్ళికి పిలుపు లేని ఆయన జత కూడా సభకి రాడు. ఒక సమావేశం పదకొండు నిమిషాల్లో ముగిసింది. కుర్చీలు విరగలేదు, మైకులు పీకలేదు. ఇంత మంచి పద్ధతిని సభలోనే దాచుకోవడం స్వార్థం కదా అనిపించింది కమిషనర్ గారికి. ఊరంతటికీ పంచారు.

తూర్పు ట్యాంకు ఫిట్టరుకీ పడమటి ట్యాంకు ఫిట్టరుకీ జత కట్టారు. తూర్పాయన అత్తగారికి బాగోలేదని సెలవు పెడితే, పడమటాయన తాళంచెవి చేత్తో పట్టుకుని వాల్వు పక్కనే సాయంత్రం దాకా నిలబడ్డాడు. తిప్పడానికి వీల్లేదు, ఇంటికి పోవడానికీ వీల్లేదు. వీధి దీపాల్లో బేసి స్తంభాలకీ సరి స్తంభాలకీ జత. ఒకటి మాడిపోతే రెండోది ఆర్పేసేవారు. ఫిర్యాదు ఇవ్వాలంటే, ఆ బాధ లేనివాణ్ణొకణ్ణి పక్క వీధి నుంచి జతగా తీసుకొచ్చి ఇద్దరూ సంతకం పెట్టాలి. నెలకి నాలుగువందల ఫిర్యాదులొచ్చేవి ఆరుకి దిగాయి. ఆ ఏడు మాకు ఫిర్యాదులు లేని పట్టణంగా రాష్ట్రస్థాయి అవార్డు ఇచ్చారు. జనన మరణాల విభాగం కూడా వెనకబడకూడదనుకుంది. ఒక జననం నమోదు కావాలంటే ఒక మరణం జత పడాలన్నారు. పాపం ఒకాయన కూతురి సర్టిఫికెట్టు కోసం పదకొండు రోజులు కౌంటరు దగ్గర నిలబడి, వచ్చిపోయే ప్రతివాణ్ణీ మీ ఇంట్లో పెద్దవాళ్ళంతా బాగున్నారాండీ అని పలకరించేవాడు.

ఇక్కడిదాకా నేనూ నవ్వుకున్నాను. తర్వాత నవ్వు రాలేదు.

సత్యవేణి గారిది ప్రతిపక్షం. ఇంటి అరుగు మీద కుట్టు మిషను పెట్టుకుని జాకెట్లు కుడతారు. ఆవిడ కౌన్సిలరుగా నిలబడింది ఒకే ఒక్క పని కోసం. పద్నాలుగో వార్డు మంచినీళ్ళ గొట్టం మురుగు కాలవలోంచి పోతుంది. అది ఎప్పుడో తుప్పు పట్టింది. ఆ వార్డులో పొద్దున్నే కుళాయి తిప్పితే ముందు రంగు వస్తుంది, ఆ తర్వాత వాసన వస్తుంది, ఆఖర్న నీళ్ళు వస్తాయి. ఆ వేసవిలో ముప్పై నలుగురు వాంతులూ విరేచనాలతో మంచం పట్టారు. ఆవిడ పక్కింటి పాప ఆరు రోజులు పెద్దాసుపత్రిలో సెలైన్ల మీద ఉండి, బతికి బయటపడింది. అరవై మీటర్ల గొట్టం కాలవ పక్కకి జరిపితే చాలు. దానికి సభలో తీర్మానం కావాలి. ఆ వార్డు సభ్యురాలు హాజరై ప్రతిపాదిస్తే గానీ ఆ అంశం చర్చకి రాదు.

చీట్లలో ఆవిడకి జత పడింది తొమ్మిదో వార్డు కుడుపూడి అచ్యుతరావు గారు. అధికార పక్షం, డెబ్బై ఏళ్ళ మనిషి, చక్కెర జబ్బుతో కాలు పుండుపడి కట్టు కట్టుకుని ఉండేవారు. ఆయన రాకపోతే ఆవిడకి హాజరు లేదు కనక, ఎదుటి పార్టీ వాడై ఉండీ ఆ కాలు ఈడ్చుకుంటూ రిక్షాలో వచ్చేవారు. మెట్ల దగ్గర నేనే చెయ్యి అందించేవాణ్ణి. "నీ గొట్టం సంగతి తేలేదాకా మంచం ఎక్కనులే అమ్మాయ్" అని ఆవిడతో అన్న మాట నా చెవులతో విన్నాను. సత్యవేణి గారి అంశం ఎజెండాలో మూడోదిగా పడిన వారంలోనే, ఒక మంగళవారం మధ్యాహ్నం, అన్నం ముందు కూర్చుని ఆయన పోయారు.

శుక్రవారం సభ. రెండు నిమిషాలు మౌనం పాటించాం. కూర్చున్నాక మూడో అంశం అని నేను చదవబోతే, కమిషనర్ గారు చెయ్యెత్తి నన్నాపారు. పదకొండో నియమం చదివారు. జతలో ఒకరు గైర్హాజరు కనుక రెండవ వారూ గైర్హాజరు అన్నారు.

"నేనిక్కడే ఉన్నాను కదండీ" అన్నారు సత్యవేణి గారు.

"ఉన్నారమ్మా, ఎవరు కాదన్నారు? కాకపోతే హాజరులో లేరు. జతవారు తిరిగి హాజరైన పక్షమున మీ హాజరు దానంతటదే పునరుద్ధరింపబడును."

"పోయినాయన ఎలాగొస్తారండీ?"

"అది వారి వ్యక్తిగత విషయం, అందులో సంఘం జోక్యం చేసుకోదు" అన్నారు కమిషనర్ గారు. ఆయన గొంతులో వెటకారమేం లేదు. అందుకే నాకు భయం వేసింది.

తొమ్మిదో వార్డుకి ఉప ఎన్నిక పెట్టినా కొత్తాయనకి కొత్త జత కడతాం గానీ, అచ్యుతరావు గారి జత అచ్యుతరావు గారితోనే పోయిందని తేల్చారు. ఆవిడ పేరుకెదురుగా గైర్హాజరు అని రాశాను. నియమం ప్రకారం అదే నిజం. రాసేటప్పుడు ఆవిడ నా కలం వంకే చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

అట్లా ఎనిమిది నెలలు. ఆవిడ మానలేదు. ప్రతి నెలా ఆఖరి శుక్రవారం పదకొండింటికి వచ్చి తన కుర్చీలో కూర్చునేవారు. లేచి నీళ్ళ సంగతి మాట్లాడితే, లేని మనిషి మాట వినపడకూడదు కనక అందరూ కాగితాలు తిరగేసేవారు. అటెండరు టీ, బొండా పంచుతూ ఆవిడ దగ్గరికొచ్చేసరికి పక్క కుర్చీకి దాటేసేవాడు. వాడి తప్పేముంది, లెక్కలో లేని మనిషికి ఎలా ఇస్తాడు? నా టీ ఆవిడకిచ్చేవాణ్ణి. టీ గురించి నియమావళిలో ఏమీ లేదు. ఒకసారి గ్లాసు అందుకుంటూ, మా వీధి నీళ్ళతో కాదు కదా అనంతం గారూ అని నవ్వారు. ఆ నవ్వు చూస్తే ఏడుపొచ్చింది.

అప్పుడు వచ్చింది సర్ బార్నబీ గారి ఉత్తరం. చలికాలం సెలవులకి ఇండియా వస్తున్నారట. తన పేరుతో ఒక పుస్తకం వేసి దాంతో ఊరేలుతున్నారని విన్నారట, ఆ ఊరు ఎట్లా ఉంటుందో చూడాలనుందట. చైర్మన్ గారి కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆఖరి శుక్రవారం సభలోనే సన్మానం అన్నారు.

ఆయన వచ్చారు. ఎనిమిదడుగుల గజమాల వేస్తే, అంత పొడుగు మనిషీ కొంచెం వంగిపోయారు. నలిగిన కోటు, అరిగిన బూట్లు, చెవులు కాస్త దూరం. వేదిక మీద చైర్మన్ గారికి అటువైపు కూర్చోబెట్టారు. కమిషనర్ గారు అనువాదం. ఆఫీసు ఇంగ్లీషుతో అంతకాలం గడిపినవాణ్ణి, నాకూ ఆ మాటలు అర్థమయ్యాయి. సర్ బార్నబీ, నేను నా జీవితంలో పెద్దగా చేసిందేమీ లేదు అంటే, కమిషనర్ గారు దాన్ని, శ్రీవారు తమ సేవలను చెప్పుకొనుటకు ఇష్టపడని నిరాడంబరులు అని చెప్పారు. చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత జార్జ్ గురించి చెప్పారు. అప్పుడు లండన్లో వర్షం తగ్గడంతో ఆగిపోయిన సగం కథ, అదీ. జత కట్టిన ఇరవై రెండో ఏట జార్జ్ ఊపిరితిత్తుల జబ్బుతో కన్నుమూశారు. మర్నాడు సభకి వెళ్ళబోతూ ఈయన గుమ్మం దగ్గర ఆగిపోయారట. అవతలివైపు జార్జ్ లేడు, నేనొక్కణ్ణీ లోపలికి వెళ్ళి ఓటేస్తే వాణ్ణి మోసం చేసినట్టవుతుందని వెనక్కి తిరిగారట. ఆ వారం వెళ్ళలేదు. ఆ నెల వెళ్ళలేదు. అట్లా ఇరవై రెండేళ్ళు వెళ్ళలేదు. ఎన్నికలొస్తే నిలబడుతున్నారు, గెలుస్తున్నారు, సభలో మాత్రం అడుగుపెట్టలేదు. టీ గదిలో కూర్చునేవారు. ఎవరూ అడగలేదు. ఎక్కువకాలం సేవ చేశారని సర్ బిరుదు కూడా ఇచ్చారు. "నాకు సిగ్గుగా ఉంది" అన్నారు ముసలాయన. ఆ ముక్క కమిషనర్ గారు అనువదించలేదు.

అనువదించలేని చిక్కులో పడ్డారు మరి. నాకూ అప్పుడే వెలిగింది. చైర్మన్ గారి జత సర్ బార్నబీ. ఆ జత మొదలైన నాటి నుంచీ సర్ బార్నబీ సభకి గైర్హాజరు. పదకొండో నియమం ప్రకారం మా చైర్మన్ గారు కూడా అన్నాళ్ళూ గైర్హాజరే. గైర్హాజరైన మనిషి అధ్యక్షత వహించిన సభలన్నీ, తీర్మానాలన్నీ, ఆ అవార్డూ, అన్నీ గంగలో కలిసినట్టే. కమిషనర్ గారి నుదుటి మీద చెమట కారుతోంది.

అంతలో ముసలాయన నా బల్ల వైపు వంగి, ఆ మూల కూర్చున్నావిడ ఇందాకటి నుంచీ చెయ్యెత్తి ఉన్నారు, ఆవిడ వంక ఎవరూ చూడరేం అని అడిగారు. కమిషనర్ గారు అందుకున్నారు. ఆవిడ సభలో లేరు సార్ అన్నారు.

"నాకు కనిపిస్తున్నారే?"

"భౌతికంగా మాత్రమే సార్."

జరిగింది రాయడం మానకు అన్నారు కదా మా పెద్దాయన, జరిగింది చెప్పకుండానూ ఉండలేకపోయాను. మీటింగ్ క్లర్కు సభలో నోరెత్తకూడదు. ఎత్తాను. నా వచ్చీరాని ఇంగ్లీషులో గొట్టం, కాలవ, ఆసుపత్రిలో పాప, కట్టు కట్టిన కాలితో వచ్చిన అచ్యుతరావు గారు, పదకొండో నియమం, అన్నీ చెప్పేశాను. కట్టు కట్టిన కాలి దగ్గర ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. చెప్పడం అయ్యేదాకా వదల్లేదు.

ఆయన లేచి నిలబడి, ముందుగా ఒక సంగతి తేల్చాలన్నారు. చైర్మన్ గారికి తను జతనన్న ఉత్తరం అందింది గానీ, జత అంటే చెయ్యి కలిపి చెప్పుకునే మాట, పోస్టులో వచ్చేది కాదు, కనుక తను ఏనాడూ ఒప్పుకోలేదన్నారు. కమిషనర్ గారి మొహం వికసించింది. వెంటనే, చైర్మన్ గారి జత మొదటి నుంచీ చెల్లనిదిగా భావించవలెనని రాసుకోమన్నారు నాతో. చైర్మన్ గారు కూడా గట్టిగా తలాడించారు. రాసుకున్నాను.

అయితే నేను ఖాళీగానే ఉన్నాను కదా అన్నారు సర్ బార్నబీ. గజమాల తీసి కుర్చీ మీద పెట్టి, మెట్లు దిగి, సత్యవేణి గారి దగ్గరకి నడిచారు. మా ఇద్దరి జతలూ పోయారు, మీకు అభ్యంతరం లేకపోతే మనమిద్దరం జత కడదాం అన్నారు. నేను తెలుగులో చెప్పాను. ఆవిడ లేచి చీర కొంగు సర్దుకుని ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూశారు.

"ఈయన కూడా మధ్యలో వదిలేసి పోరు కదా, అడగండి అనంతం గారూ."

అడిగాను. ప్రయత్నిస్తాను అన్నారాయన. ఇద్దరూ చేతులు కలిపారు.

కమిషనర్ గారు నియమావళి ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ తిప్పారు. విదేశీయుడు జతగా ఉండకూడదని ఎక్కడా లేదు, చైర్మన్ గారి కోసం ఆయనే అలా రాశారు. జత పోయినవారు తమంతట తాము ఇంకో జత కట్టుకోరాదనీ లేదు. జత ఎదుటే ఉన్నారు కనుక హాజరు. కనుక సత్యవేణి గారూ హాజరు. సన్మానం తర్వాత భోజనాలని చైర్మన్ గారు లేవబోతే, ముసలాయన కూర్చునే ఉన్నారు. తను లేస్తే ఆవిడ గైర్హాజరవుతారని ఆయనకి అర్థమైంది. పూతరేకులు చల్లారేవి కావు గానీ పులిహోర చల్లారిపోయింది. రెండున్నర దాకా కదల్లేదాయన. కారు డ్రైవరు రెండుసార్లు తొంగిచూసి వెళ్ళాడు. సత్యవేణి గారు ఎనిమిది నెలలు మింగిన మాటలన్నీ మాట్లాడారు. అరవై మీటర్ల గొట్టం మార్చడానికి అంచనా తయారు చేయవలెనని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఇరవై రెండేళ్ళ తర్వాత నేను పూర్తిగా కూర్చున్న సభ ఇదేనని నాతో చెప్పి, ఆయన కారెక్కారు.

అంచనా తయారైతే సరా, దాన్ని మళ్ళీ సభ ఆమోదించాలి, ఆ తర్వాత టెండరు, దాన్నీ ఆమోదించాలి. సర్ బార్నబీ అక్కడ, సత్యవేణి గారు ఇక్కడ. ఆయన తన సభకి హాజరైతేనే ఆవిడ మా సభకి హాజరు అని కమిషనర్ గారు వివరణ జారీ చేశారు. అక్కడి గురువారం సాయంత్రం ఇక్కడి శుక్రవారం ఉదయమునకు చాలినంత సమీపంగా ఉన్నది కనుక సరిపోతుందని కూడా దయతలిచారు.

అక్కడ ఆయన మళ్ళీ సభకి వెళ్ళడం మొదలుపెట్టారు. ప్రతి నెలా ఆఖరి శుక్రవారం పొద్దున ఆఫీసు కంప్యూటరులో నాకు ఈమెయిలు ఉండేది. నిన్న నా చోట్లో ఉన్నాను, మీ సభ్యురాలికి చెప్పండి అని. మొదటి రోజు ద్వారం దగ్గర కాపలా అతను గుర్తుపట్టక, సందర్శకుల దారి అటు అని చూపించాడట. ఇంకో నెల అలవాటు తప్పి, అక్కడ ఓటేయడానికి నడిచే రెండు దారుల్లో ఎదుటి పార్టీ వాళ్ళ దారిలో వెళ్ళి ఓటేసి వచ్చారట. జార్జ్ ఉంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాడని రాశారు. అది విని సత్యవేణి గారూ నవ్వారు. ఆయన పొద్దున్నే ప్రార్థనకి వెళ్ళి చీటీ పెట్టుకోవడం కూడా మళ్ళీ మొదలెట్టారట. ఆ నెలల్లో అంచనా ఆమోదం పొందింది. టెండరు పిలిచారు. ఒకే ఒక్కడు వేశాడు, అదే పదివేలు. దాన్ని ఆమోదించే సభ ఒక్కటే మిగిలింది.

ఆ శుక్రవారం పదింటికి ఈమెయిలు వచ్చింది. ఆయన కూతురు రాసింది. నాన్న బుధవారం పోయారు, గురువారం సభకి వెళ్ళాలని కోటు తీసి గోడకి తగిలించి ఉంచుకున్నారు, ఆ భారతదేశపు ఆవిడకి క్షమాపణ చెప్పమన్నారు అని.

అది చూసింది నేనొక్కణ్ణే. కళ్ళద్దాలు తుడుచుకున్నాను. కంప్యూటరు ఆపేసి, మినిట్స్ పుస్తకం చంకలో పెట్టుకుని సభలోకి వెళ్ళాను. సత్యవేణి గారు తన కుర్చీలో కూర్చుని, నా మొహం వంక చూశారు. ఆవిడకి అర్థమైందనే అనుకుంటాను, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"సర్ బార్నబీ గారు?" అన్నారు కమిషనర్ గారు.

"హాజరండి" అన్నాను. రాశాను కూడా. అంతకాలం జరిగిందే రాసిన చేత్తోనే.

ఏడో అంశంగా వచ్చిన టెండరును ఆమోదించారు. వేసవికి ముందే గొట్టం వేశారు. సభ అయ్యాక వరండాలో ఆ ఈమెయిలు సంగతి సత్యవేణి గారికి చెబితే, అక్కడే మెట్ల మీద కూర్చుని, అచ్యుతరావు గారి కోసం అప్పుడు ఏడవని ఏడుపు కూడా కలిపి ఏడ్చారు.

ఆ మరుసటి నెల నేను మళ్ళీ హాజరు అనే రాశాను. ఒకసారి రాశాక మానితే కారణం చెప్పాలి. రిటైరైన రోజున పుస్తకం అప్పగిస్తే, నా తర్వాత వచ్చిన అమ్మాయి పాత పేజీ చూసి కొత్త పేజీ రాస్తోంది. నియమావళి మార్చాలంటే సభ్యులందరూ హాజరు కావాలి, అది జరిగే పని కాదు కనుక ఇంకా అమల్లోనే ఉంది. అక్కడ నార్త్ విథర్బీలో ఉప ఎన్నిక జరిగి కొత్తాయన వచ్చారట. ఇక్కడ మా రికార్డు ప్రకారం సర్ బార్నబీ టిండేల్ గారు ఇప్పటికీ ప్రతి నెలా మా సభ ముందు గురువారం తన చోట్లో ఉంటున్నారు. అబద్ధమే. కాదనను. మొన్న సత్యవేణి గారింటికి జాకెట్లు తీసుకురావడానికి మా ఆవిడతో వెళితే, దాహమని అడగకుండానే గ్లాసు పట్టుకుని అరుగు దగ్గర కుళాయి తిప్పారు. ముందు నీళ్ళే వచ్చాయి.